మంచు దేశపు చుట్టాలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ తమ్ముళ్లు ఫోను చేశారు. పూర్వ విద్యార్థులు సాధారణంగా తాము ఎలా కష్టపడి పైకొచ్చిందీ రాస్తారు. నేను చదివే రోజుల్లో అలాంటివి చదివి ధైర్యం తెచ్చుకున్నవాణ్నే. కానీ ఈసారి నేను పిట్టల గురించి రాయదలచుకున్నాను. నవ్వకండి తమ్ముళ్లూ, ఇందులో మన పేటల సంగతి కూడా ఉంది.

మన తెలుగులో మంచు అనే మాట ఒక్కటే. ధనుర్మాసంలో కొబ్బరాకుల మీంచి టప్‌టప్‌మని రాలేదీ మంచే, కాలవ మీద పొగలా కమ్మేదీ మంచే, హిమాలయాల్లో మోకాలి లోతున పడి ఉండేదీ మంచే. మొదటి రెండూ హాస్టల్లో ఉండగా చూశాను. మూడోది సైన్యంలో చేరాక లేహ్‌లో చూశాను. ఆ మంచుకీ ఈ మంచుకీ మధ్య ప్రతి ఏడూ రాకపోకలు సాగించేవి ఈ పిట్టలే.

మా రోజుల్లో తెల్లవారుజామున ఐదింటికి బెల్లు కొట్టి స్టడీకి లేపేవారు. దుప్పట్లు కప్పుకుని వరండాలో వరసగా కూర్చుంటే, మంచులో ఎదుటి కొబ్బరిచెట్లు కూడా కనబడేవి కావు. పైన ఎక్కడో పిట్టల గుంపు కూసుకుంటూ పోయేది. పక్కవాడు చలికి వణుకుతూ ఎక్కాలు వల్లిస్తుంటే నేను చెవి అటు వేసేవాణ్ని. అవి ఏ పిట్టలో నాకు తెలుసు. మా తాత నేర్పాడు.

తాత వ్యవసాయ కూలీ. మా ఊరు సముద్రానికి దగ్గర, పర్ర భూములను ఆనుకుని ఉంటుంది. సార్వా నూర్పులు అయిపోయాక దాళ్వా ఊడ్పులు మొదలయ్యేదాకా చేతినిండా పని ఉండదు. ఆ రోజుల్లో తాత వైనతేయ పాయ పక్క బురదలో ఉచ్చులు పన్ని ఉల్లంకి పిట్టలను పట్టేవాడు. కూరకు పోను మిగిలినవి అమ్మితే ఉప్పూ కిరసనాయిలూ వచ్చేవి. సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్తే నన్నూ వెంటబెట్టుకెళ్లేవాడు. పోటు మీదున్నప్పుడు పిట్టలు గట్టున ముడుచుకుని నిలబడతాయనీ, పాటు తీశాక బయటపడిన బురద మీద నీటి అంచునే నడుస్తూ మేస్తాయనీ, ముక్కు పొడుగును బట్టి ఏది ఎంత లోతు పురుగును లాగుతుందో చెప్పొచ్చనీ ఆయన చూపించినవే.

"ఒరేయ్ అబ్బాయ్, ముందు దాని నడక చూడు. మంచులో రంగు కనపడదు, నడక కనపడుద్ది" అనేవాడు. కాస్త పరిగెత్తి టక్కున ఆగే చిన్నది పరుగులపిట్ట. కాళ్లు ఎర్రగా ఉన్నది ఎర్రకాళ్లది. ఇసుక దిబ్బల మీద జంటగా తిరిగే పెద్దది ఎర్రబాతు. ఈ ఎర్రబాతు జోలికి మాత్రం తాత పోయేవాడు కాదు. "జంటలో ఒకటి పోతే రెండోది రాత్రంతా అరుస్తాదిరా, నాకు నిద్ర పట్టదు" అనేవాడు.

"ఇవన్నీ ఎక్కణ్నుంచి వస్తాయి తాతా?" అని అడిగితే, "మంచు దేశం నుంచి. అక్కడ నీళ్లు గడ్డకడితే ఇక్కడికి చుట్టపుచూపుగా వస్తాయి" అన్నాడు. ఆ మంచు దేశం ఏ దిక్కున ఉందో ఆయనకూ తెలియదు.

ఇంటర్‌లో ఒక లెక్చరర్ గారు సలీం అలీ పుస్తకం 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' చూడనిచ్చారు. 1941లో మొదట అచ్చయిన పుస్తకం. బొమ్మలు తిప్పుకుంటూ పోతే తాత పిట్టలు ఒక్కొక్కటీ దొరికాయి. ఎర్రకాళ్లది రెడ్‌షాంక్. పరుగులపిట్ట శాండ్ ప్లోవర్. ఎర్రబాతు రడ్డీ షెల్‌డక్. కావ్యాల్లో రాత్రిపూట జంట విడిపోయి విలపించే జక్కవ, చక్రవాకం ఇదేనని లెక్చరర్ గారు చెప్పారు. కవులూ మా తాతా ఒకే పిట్ట గొంతు విన్నారన్నమాట! ఒక్క సంగతి మాత్రం నాకు గుచ్చుకుంది. ఈ బంగారు రంగు బాతుకు ఇంగ్లీషులో బ్రాహ్మినీ డక్ అని ఇంకో పేరు. తెల్ల తల గద్ద బ్రాహ్మినీ కైట్. తెలుగు నిఘంటువు తెరిస్తే బొంతకాకికి మాలకాకి అని పేరు. కులం గాల్లోకి కూడా ఎక్కింది. అందుకే నేను ఇప్పటికీ ఎర్రబాతు అనే అంటాను.

తర్వాత సైన్యంలో ఎంపికయ్యాను. రెండు చలికాలాలు లేహ్‌లో గడిపాను. సుమారు 3,500 మీటర్ల ఎత్తు, జనవరి రాత్రుళ్లు సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి కూడా పోతుంది. అంత చలిలో పిట్ట ఏముంటుందిలే అనుకుని వెళ్లినవాణ్ని ఆశ్చర్యపోయాను. మా వంటశాల వెనక ఎర్రముక్కు, ఎర్రకాళ్లు ఉన్న కాకులు గుంపులుగా వాలేవి. వాటిని చఫ్ అంటారు. పొడుగు తోకతో నలుపూ తెలుపూ కలిసిన మాగ్‌పై గోడల మీద పెత్తనం చేసేది. సెలవు దొరికితే షే గ్రామం దగ్గర సింధు నది ఒడ్డుకు పోయేవాణ్ని. అక్కడ సీబక్‌థార్న్ అనే ముళ్లతుప్పల నిండా నారింజరంగు పళ్లుంటాయి. వాటికోసం పై కొండల నుంచి గుల్డెన్‌స్టాట్ రెడ్‌స్టార్ట్ అనే పిట్ట దిగుతుంది. నెత్తి తెల్లన, ఒళ్లు నల్లన, పొట్ట ఇటుకరాయి ఎరుపు. ఇంకా పైన, మంచుకొండల అంచుల్లో గూడు పెట్టే ఆ పిట్టకు మనం గడ్డకట్టుకుపోయే లేహ్ వెచ్చటి పల్లపుసీమ!

మంచులో పిట్టలను చూడడం ఒక విధంగా సులువు. తెల్లకాగితం మీద సిరాచుక్కలా దూరం నుంచే కనబడతాయి, అడుగులు కూడా అచ్చుపడి ఉంటాయి. కష్టమల్లా మనదే. ఊపిరి తగిలితే బైనాక్యులర్ అద్దం మసకేసిపోతుంది. గ్లవ్స్ తీస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. ఊపిరి బిగబట్టి చూసి, పక్కకు తిరిగి వదలాలి.

మంచు కరిగాక వేసవిలో త్సో కర్ సరస్సు వైపు డ్యూటీ పడింది. అక్కడ చూశాను తాత చుట్టాలను. ఎర్రబాతుల జంట, వెనక వరసగా పిల్లలు. తడి నేలలో ఎర్రకాళ్లది. రాళ్ల మధ్య పరుగులపిట్ట. మన దగ్గర బూడిదరంగులో ఉండేది అక్కడ ఛాతీ మీద ఎర్రరంగుతో పెళ్లికొడుకులా ఉంది. అవి చుట్టపుచూపుగా వచ్చేది మన ఇంటికే, వాటి పుట్టిల్లు ఇదీ. ఆ సాయంత్రమే తాతకు ఫోను చేశాను. ఆయన అడిగిన మొదటి మాట, "అక్కడ వాటికి తిండేంట్రా?"

రెండో చలికాలం జనవరిలో తాత పోయాడు. కబురు అందిన రోజే సెలవు ఇచ్చారు. కానీ మంచు కురుస్తూ విమానాలు రద్దయ్యాయి. అప్పట్లో చలికాలం రోడ్డు దారి మూసే ఉండేది. నాలుగు రోజులు లేహ్ ఎయిర్‌పోర్టులో పడిగాపులు పడ్డాను. కంచె మీది కాకులను చూస్తూ, వెచ్చటి చోటికి దిగడానికి పిట్టకు టిక్కెట్టు అక్కర్లేదు కదా అనుకున్నాను. ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. తాత ఉచ్చుల కట్ట చూరులో అలాగే ఉంది.

రిటైరై వచ్చాక పర్ర వైపు తరచు వెళ్తున్నాను. తాత తిరిగిన చోట ఇప్పుడు చాలావరకు రొయ్యల చెరువులు. తొంభైల్లో మొదలైన రొయ్యల సాగు మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ తర్వాత 2005లో కోస్తా ఆక్వా చట్టం వచ్చింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక చెరువులు మళ్లీ ఊపందుకున్నాయి. పిట్టలు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు రోగం మోసుకొస్తాయని నైలాను తాళ్లు కడతారు, టపాసులు పేలుస్తారు. అప్పు చేసి సాగు చేసే రైతును నేను తప్పు పట్టను. కానీ పాటుకు బయటపడే బురద లేకపోతే ఉల్లంకి ఎక్కడ మేస్తుంది?

పిట్టలు తగ్గాయనగానే కెమెరాలతో వచ్చే పెద్దమనుషులు ముందు మన పేటల వైపు చూస్తారు. "మీవాళ్లే పట్టి తినేశారు" అని నా మొహం మీదే అన్నారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పిట్టలను పట్టడం నేరం, ఇప్పుడు ఎవరూ పట్టకూడదు. వడ్లకు పురుగుమందు కలిపి చంపి అమ్మేవాళ్లను నేను అసలు సమర్థించను. కానీ తాత ఒక చలికాలంలో పట్టిన పిట్టలెన్ని, ఒక పర్ర మొత్తం తవ్వేస్తే మేత పోయే పిట్టలెన్ని? మిమ్మల్ని ఎవరైనా అలా అంటే ఈ రెండో లెక్క అడగండి.

ఇంకో మాట. పెద్ద కొంగ కనిపిస్తే చాలు సైబీరియా పక్షి అంటారు మనవాళ్లు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూళ్లు పెట్టే గూడబాతులూ రంగుల కొంగలూ మన దేశపువే. నిజమైన సైబీరియా కొంగ భరత్‌పూర్‌లో 2002లో కనిపించింది, ఆ తర్వాత రాలేదు. ఉత్తరాన ఆర్కిటిక్ అంచు నుంచి మన బురదకు వచ్చేది లిటిల్ స్టింట్ అనే బుల్లి ఉల్లంకి. దాని బరువు పాతిక గ్రాములు అటూఇటూ.

1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క జరుగుతోంది. పరీక్ష లేదు, ఫీజు లేదు, ఎవరైనా చేరవచ్చు. మొన్న జనవరిలో మా పేట పిల్లలిద్దర్ని ఓడలరేవు వైపు తీసుకెళ్లాను. ఎనిమిదో తరగతి వాడొకడు పరుగులపిట్టను చూసి, వాళ్ల అమ్మమ్మ దాన్ని వేరే పేరుతో పిలుస్తుందన్నాడు. ఇంగ్లీషు పేరు పక్కన ఆ పేరూ, తాత పేరూ రెండూ రాసుకున్నాను. మీ ఇళ్లలో పెద్దవాళ్లనూ అడిగి రాసుకు రండి. ఆ పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

నా పాత బైనాక్యులర్ వార్డెన్ గారికి ఇచ్చాను. కుడి అద్దం మీద గీత పడింది, ఎడమది బాగానే ఉంది. వచ్చే జనవరిలో పాటు ఎన్ని గంటలకో చూసి ముందురోజు ఫోను చేస్తాను. చెప్పులు హాస్టల్లోనే వదిలేసి రండి, ఆ బురదలో నిలవవు.

– పూర్వ విద్యార్థి