వేములవాడ నీటియొడ్డున కూర్చుండు పెట్టె

వేములవాడకు వచ్చు యాత్రికులు సాధారణముగా మూడు పనులు ముగించుకొని మరలిపోవుదురు. ధర్మగుండమున స్నానము, రాజరాజేశ్వరస్వామి దర్శనము, కోడెమ్రొక్కు. కోడెను త్రాటితో పట్టుకొని గుడిచుట్టు త్రిప్పి స్వామికి సమర్పించుట ఈ క్షేత్రమున అనూచానముగా వచ్చుచున్న ఆచారము. గుడి యావరణములోనే యున్న దర్గాకును మ్రొక్కి పోవువారు కలరు. అటుపిమ్మట బస్సు దొరకుటయే తరువాయి. ఊరికి దాపున నంత పెద్ద జలరాశి యున్నదని పలువురు ఆ బస్సు కిటికీనుండి చూచియే తెలిసికొందురు. నేను వ్రాయబోవునది ఆ నీటియొడ్డును గూర్చియు, అచ్చట గాలము వేయువారు కూర్చుండుటకు తగిన యొక చిన్న పెట్టెను గూర్చియు. పెట్టెను గూర్చి వ్యాసమా యని సోదరీమణులు నవ్వవచ్చును. నవ్వుడు, కాని దానిని మోయునదియు, కడుగునదియు, ఎండబెట్టునదియు కడకు మనమే కదా!

మూలవాగు వేములవాడ ప్రక్కనుండి పారి దిగువను మానేటిలో కలియును. ఆ ప్రాంతముననే, మాన్వాడ యొద్ద, మానేటికి అడ్డముగా కట్టినది మధ్యమానేరు ఆనకట్ట. ఆ జలాశయమునకు స్వామి పేరే పెట్టి శ్రీ రాజరాజేశ్వర జలాశయమనిరి. 2016 సెప్టెంబరులో, కట్ట యింకను పూర్తికాకమునుపే, వరద వచ్చి దానిని తెంచెను. పిదప పని పూర్తిచేసి 2019లో నీరు నింపిరి. నిండినప్పుడు అందు 25 టి.ఎం.సి.లకు మించిన నీరు నిలుచును. ఒక్క టి.ఎం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. అంత నీరు నిలువవలెనన్న ఎక్కడనో చోటు కావలెను గదా! అనుపురము, రుద్రవరము, సంకెపల్లి, కొడుముంజ, కొదురుపాక, వరదవెల్లి మొదలగు ఊళ్లు ఆ చోటిచ్చినవి. ఊరివారు మెట్టమీద క్రొత్త కాలనీలలో ఇండ్లు కట్టుకొనిరి. నీరు నిండుగా నున్నప్పుడు వరదవెల్లి గుట్టమీది దత్తాత్రేయస్వామిని చూడవలెనన్న పడవ యెక్కవలసినదే.

ఈ సీమకును నీటికిని చుట్టరికము నేటిది కాదు. వేయి సంవత్సరములకు పూర్వము వేములవాడ చాళుక్యులకు రాజధాని. వారిలో బద్దెగుడను రాజు, భీముడను రాజును నీటిలో మొసలిని పట్టినట్లు పట్టెనని, ఆ వంశపు రెండవ అరికేసరి ఆస్థానమున నుండిన పంపకవి 941 నాటి తన కన్నడ కావ్యమున చెప్పియున్నాడు. చేపల మాటకు వచ్చినచో కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడున్నాడు. 1130 ప్రాంతమున వెలసిన అతని మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణము కలదు. ఏ చేప యెట్టి నీట నుండును, దేనికేమి మేత వేసి మరపవలెను, గాలపుత్రాడు దేనితో పేనవలెను అను సంగతులు అందు శాస్త్రముగా వ్రాయబడినవి. మా నాయనగారు నాకు సంస్కృతము చెప్పునపుడు ఆ ప్రకరణమును మెల్లగా దాటవేసిరి. పెండ్లియైన పిదప, మావారి గాలపుకఱ్ఱ గోడకానుకొని యుండుట చూచి, నేనే వెదకి చదువుకొంటిని. రాజుగారికేమి, ఆసనము మోయువారు వేరుగా నుందురు. బడిపంతులుగారి యింట అట్టివారు లేరు.

మావారు ఆదివారములందు తెల్లవాఱి రెండు మూడు గంటలసేపు గాలము వేయుటకు పోవుదురు. వానలు మొదలై చేపలు గ్రుడ్లు పెట్టు దినములలో మాత్రము పోరు. ఆయనకు కూర్చుండుటకేమియు నక్కరలేదు. ఏ బండమీదనో గొంతుకూర్చుండి గంటలు గడపగలరు. పెట్టె యవసరము వచ్చినది మా మామగారికి. ఆయనది రుద్రవరము. ఊరు విడిచి మాతో వేములవాడకు వచ్చిన పిమ్మట రెండేండ్లు ఆయన ఆ నీటివైపునకే పోలేదు. బంధువులు కాలనీకి పిలిచినను, చుట్టుదారిని పోయి వచ్చెడివారు. ఒకనాడు ఉదయము మావారు బయలుదేరుచుండగా, "నేను గూడ వస్త, బిడ్డా," అని నాతో ననిరి. ఆయనకు డెబ్బదినాలుగేండ్లు, రెండు మోకాళ్లును నొప్పులు. నేలమీద కూర్చుండినచో ఇద్దరు పట్టి లేవనెత్తవలెను. మా యాడుబిడ్డ ఈ సంగతి విని, ముసలివానిని ఆ నీటియొడ్డునకు కొనిపోయి యేడిపింతురా యని ఫోనులో మందలించెను. ఆమె భయము నిష్కారణమైనది కాదు. కాని అడిగినది ఆయన. పోవలెనని కోరినవారికి కూర్చుండ చోటు చూపకుండుట కంటె, కూర్చున్న పిమ్మట కన్నీరు వచ్చిన తుడుచుకొనుటయే మేలని నాకు తోచినది.

ఇక ఆసనము. మొదట పొరుగువారు తమ మడతకుర్చీ నిచ్చిరి. ఇంటి ముంగిట అది దివ్యముగా నుండెను. నీటియొడ్డున పెట్టి ఆయన కూర్చుండగానే వెనుకకాళ్లు రెండును జానెడు దిగిపోయినవి. మావారు వెనుక నిలిచియుండిరి గనుక సరిపోయినది. ఇది కుర్చీ దోషము కాదు, నేల గుణము. చలికాలము మొదలుకొని వేసవి దాక జలాశయమున నీరు తగ్గుచు, విడిచిన మేర నెల్ల ఒండ్రు మిగులును. పైన ఎండి పగిలి గట్టిగా కనబడును. లోపల వెన్నవలె నుండును. మనిషి బరువంతయు నాలుగు సన్నని కాళ్లమీద పడినపుడు అవి సూదులవలె గ్రుచ్చుకొనిపోవును. అదే బరువు వెడల్పైన అడుగుమీద పరచుకొన్నచో నేల మోయును. కావున ఇచ్చట కాళ్లున్న ఆసనము పనికిరాదు, అడుగు చదునుగా నున్న పెట్టెయే కావలెనని నిశ్చయించితిమి.

ఒడ్డున కూర్చుండు కుఱ్ఱవాండ్రు పలువురు రంగులు వచ్చు ఇరువది లీటర్ల ఖాళీ డబ్బాను బోర్లించుకొని కూర్చుందురు. వెల లేదు, ఎత్తును బాగుగనే యుండును. పడుచువారికి అంతకంటె నక్కరలేదు. కాని అది గుండ్రనిది, ఇరుకైనది. లేచునపుడు ప్రక్కకు చేయి యానించుటకు చోటుండదు, ఆనించిన దొర్లును. మా యింట పెండ్లినాటి ఇనుప సందూక యొకటి కలదు. దానిని మోయుటకే ఒక మనిషి కావలెను. పైగా తేమకు తుప్పు, ఎండకు పెనము. నిర్మల బొమ్మలు చేయు పొనికికఱ్ఱ మిక్కిలి తేలిక గదా, దానితో చేయించినచో నెట్లుండునని నాకు తోచినది. వడ్రంగి నవ్వి, అది బొమ్మలకు గాని మనుషులకు కాదమ్మా యనెను. ఆ కఱ్ఱ మెత్తన. టేకుతో చేసిన నిలుచును గాని బరువు.

పట్టణములలో గాలపు సామగ్రి అమ్ము అంగళ్లయందు దీనికొఱకే చేసిన పెట్టెలు దొరకును. ఇంగ్లండులో పూర్వము గాలము వేయువారు అల్లిన బుట్టలలో సామాను పెట్టుకొని ఆ బుట్టలమీదనే కూర్చుండెడివారట. ప్లాస్టిక్కు వచ్చిన తరువాత బుట్టలు పెట్టెలైనవి. ఇప్పుడు వానికి సొరుగులు, మరకాళ్లు, పాదములు పెట్టుకొను పలకలు, పొడవైన కఱ్ఱలకు ఆనికలు వచ్చినవి. దినమంతయు పందెములకు కూర్చుండువారికి అవి యుక్తమే. రెండు గంటల వ్యవహారమునకు అంత సరంజామా యెందుకు? మావారు పెద్దదానివైపే చూచిరి. మోయునది నేను గనుక చిన్నదే తెప్పించితిని.

కొలత యిట్లు చూచితిమి. మామగారిని గోడకు జేరవేసి మంచము పట్టెమీద కూర్చుండబెట్టి, పాదములు నేలకు పూర్తిగా ఆనియుండగా, మోకాటి వెనుక మడతనుండి మడమ వఱకు దారముతో కొలిచితిని. 42 సెంటీమీటర్లు వచ్చినది. మూరకు కొంచెము తక్కువ. ఆసనము అంతకంటె తక్కువైనచో మోకాళ్లు పైకిలేచి, లేచునపుడు భారమంతయు వానిమీదనే పడును. ఎక్కువైనచో పాదములు వ్రేలాడి తొడలు తిమ్మిరెక్కును. మేము కొన్న పెట్టె పొడవు 38, వెడల్పు 28, ఎత్తు 38 సెంటీమీటర్లు. మిగిలిన నాలుగును పాత చీరలతో కుట్టిన బొంతతో పూరించి, నాలుగు మూలల నాడాలతో కట్టితిని. వట్టి పెట్టె మూడు కిలోలకు లోపు. తెల్లని దానినే యేఱుకొంటిమి. నల్లనిది మన ఎండలో కాగి కూర్చున్నవారిని కూర్చుండనీయదు.

మూత సంగతి మఱవరాదు. ఇంత బరువు మోయునని అంగడివారు చెప్పునది తఱచుగా పెట్టెలను ఒకదానిపై నొకటి పేర్చుటను గూర్చి. అప్పుడు భారము అంచులమీద పడును. మనిషి కూర్చుండునది నడుమ. కనుక మూత అంచు నాలుగుగోడల మీదను ఎక్కి కూర్చుండవలెను, లోపలికి దిగిపోవునది పనికిరాదు. మేము దాని లోపలివైపున ఒక ప్లైవుడ్డు పలకను కోయించి బిగించితిమి. ఇంట్లోనే ముందు మావారు, పిదప నేను, ఆ తరువాత మా యిద్దఱిలో బరువెవరిదో నేను వ్రాయను గాని, కూర్చుండి లేచి చూచితిమి. మోయుటకు రెండంగుళముల నవారు పట్టీ భుజముమీదుగా వేసితిమి. తీగవంటి పిడి చేతిని కోయును, నవారు కోయదు. పైగా రెండు చేతులును ఖాళీగా నుండును. ఒకటి మామగారి చేతికి, మఱియొకటి గాలపుకఱ్ఱకు.

లోపల పెట్టునవి కొద్దివే. వానపాములకు మూతకు చిల్లులు పొడిచిన రేకుడబ్బా, అందు తడిమన్ను, అరటియాకులో పిండిముద్ద, బెండుముక్కకు గ్రుచ్చిన గాలములు, మజ్జిగసీసా, బెల్లపుముక్క, మాత్రలు, తువ్వాలు. పట్టిన చేపను మాత్రము పెట్టెలో వేయనీయను. దానికి వేరుగా తడి గోనెసంచి యుండవలెను. నీచువాసన ఒకసారి ప్లాస్టిక్కున పట్టినచో చింతపండు పులుసుతో కడిగి, మూత తెఱచి, నీడన ఆరబెట్టినను రెండు దినములు విడువదు. వారమున ఆఱుదినములు ఆ పెట్టె మా వంటింటిలో పీటగా నుండును గనుక ఈ నియమమును నేను సడలింపను.

నీటిమీద గంగపుత్రులును, ముదిరాజులును వలలు వేసి జీవించుచున్నారు. వారికి సహకార సంఘములు కలవు. ప్రభుత్వము విడుచు చేపపిల్లలకు వారే హక్కుదారులు. వలలున్న చోట గాలము వేయరాదు. ఎక్కడ కూర్చుండవచ్చునో వారినే యడిగినచో సంతోషముగా చూపుదురు. తెప్పమీద పోవు నొకడు మా పెట్టెను చూచి, "ఏందమ్మా, బియ్యం సందూక తెచ్చిండ్రా?" అని పలుకరించెను. చేప పడని దినమున, అనగా తఱచుగా, అతనియొద్దనే బొచ్చెయో రవ్వయో కొనుచుందుము. కొఱ్ఱమీను 2016లో మన రాష్ట్రమత్స్యమైనది గాని, మావారి గాలమున కది యింకను తెలిసినట్లు లేదు. మృగశిర కార్తెనాడు చేప తినవలెనను ఈ ప్రాంతపు వాడుకను కూడ అతని బుట్టయే జరిపించుచున్నది.

మామగారు పెట్టెమీద మొదటిసారి కూర్చుండిన నాడు బెండువంక చూడనేలేదు. చాలసేపు మాటాడలేదు. పిదప చేయి చాపి, "గా నీళ్ల కిందనే మన బాయి. దానికి తూర్పుకు మామిడిచెట్టుండె," అనిరి. కన్నీరు రాలేదు. మఱునాటి ఆదివారము తామే ముందుగా లేచి చెప్పులు తొడుగుకొనిరి. ఇప్పుడు మనుమలను కూడ వెంటబెట్టుకొని, నీటిమీద వ్రేలు త్రిప్పుచు, ఏ మడి ఎవరిది, ఏ బాట ఎటుపోవును, బొడ్రాయి ఎచట, ఏ తుమ్మక్రింద ఎవరు పంచాయితీ తీర్చిరి, చెప్పుచుందురు. వేసవిలో నీరు బాగుగా తగ్గినపుడు కొన్ని మొండిగోడలు బయటపడును. అప్పుడు పెట్టెను ఇంకను ముందుకు జరుపుమందురు. ఒండ్రు గట్టిగా నున్నంతవఱకే మేము జరుపుదుము. నీరు నేడొకచోట, మాసము గడచిన మఱియొకచోట నుండుటచేత ఒకేచోట కట్టిన అరుగు ఆయనకు పనికివచ్చెడిది కాదు. ఆయన చూడగోరిన వైపునకు పెట్టె జరుగును.

మావారు బడిలో వాడు నోటుపుస్తకమొకటి పెట్టెలో చేరినది. మామగారు చెప్పిన పొలముల పేర్లు, బావుల పేర్లు అందు వ్రాయుచున్నారు. ఇప్పటికి నలుబదికి పైగా నైనవి. కాలనీలోని పెద్దలు ఇద్దఱు ముగ్గురు వచ్చి కొన్ని సవరించిరి. ఒక కుంట పేరు విషయమున వారికిని మామగారికిని ఇంకను తగవు తీరలేదు. ఇంతకు ఆ పుస్తకము తడియకుండుటకు రెండు పాలిథీను సంచులు చుట్టి పెట్టుచున్నాను. మూత యంచున రబ్బరుపట్టీ యున్న పెట్టె దొరకినచో ఆ బాధ యుండదు. కొనువారు అది చూచుకొనుడు. మా పెట్టెకు లేదు.