పిలుపులో బ్రాకెట్లు

కంప్యూటరు సందేహం తీసుకుని తెలుగు లెక్చరరు దగ్గరకు ఎవరైనా వస్తారా? మా అనకాపల్లిలో వచ్చారు. వచ్చినవాడు మా మేనల్లుడు. ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. పరీక్షకు చూపించడానికి చిన్న కంప్యూటరు భాష నొకదాన్ని తయారుచేస్తున్నాడు. అందులో ఒక్క వాక్యం ఎట్లా రాయాలో తేలక పది రోజులుగా పనంతా ఆగిపోయిందట. తేలకపోతే ఏడాది పోతుంది. "వ్యాకరణం నీ సొత్తు గదా, మావయ్యా!" అన్నాడు.

సంగతి చిత్తగించండి. మన వంటింట్లో డబ్బాలన్నీ ఒకే అచ్చువి. ఒకదానిమీద ఉప్పు అనీ, ఒకదానిమీద పంచదార అనీ చీటీ అంటిస్తాం. సీ షార్పు వంటి భాషల్లో చీటీ లేనిదే డబ్బాను అలమరలోకి పోనివ్వరు. పైథాన్ వంటివి అట్లా కాదు. మూత తీసి చూసుకోవడమే. మావాడి భాష ఈ రెండో తెగది. పేచీ ఎక్కడంటే, మొదటి తెగవారు రాసిపెట్టిన పనులను వీడు పిలిచి వాడుకోవాలి. ఉప్పుకైనా పంచదారకైనా పనికివచ్చే పనిని జెనెరిక్ అంటారట. దాన్ని పిలిచేటప్పుడు ఏ చీటీయో చెప్పాలి. చేతిలో సరుకుంటే చూసి పోల్చుకోవచ్చు. హరి అనగానే 'కి' వస్తుంది, రాము అనగానే 'కు' వస్తుంది, ఒకరు చెప్పనక్కరలేదు. కాని ఖాళీ డబ్బా తెమ్మన్నప్పుడు నోరు విప్పక తప్పదు గదా!

సీ షార్పులో 2005 నుంచీ ఆ చీటీని కోణపు బ్రాకెట్లలో పెడుతున్నారు: తీయి<సంఖ్య>(పెట్టె). మావాడికీ అదే ముద్దు, అందరికీ అలవాటైనదని. కాని ఆ గుర్తులే లెక్కల్లో చిన్న, పెద్ద గుర్తులు. పైథాన్‌కు ఈ వాక్యం ఇస్తే వ్యాకరణ దోషం పట్టదు సరికదా, 'తీయి' సంఖ్య కన్న చిన్నదా, సంఖ్య పెట్టె కన్న పెద్దదా అని అడుగుతున్నారనుకుంటుంది!

నేను కాగితంమీద "ఆవిడాకులు తెచ్చింది" అని రాసి చదవమన్నాను.

"ఆవిడ ఆకులు తెచ్చింది."

"ఆ విడాకులు తెచ్చింది అంటే కాదంటావా?"

వాడు తెల్లబోయాడు. రెండూ వ్యాకరణానికి సమ్మతమే. ఒకటైతే విస్తళ్లు కుట్టుకోవచ్చు. రెండోదైతే కోర్టుకు పోవాలి. మనిషి ముందువెనుకలు చూసి సరిపెట్టుకుంటాడు. యంత్రానికి ఆ ఓపిక లేదు.

తక్కినవారు పడిన పాట్లు వాడే చెప్పాడు. జిమ్ హ్యుగునిన్ అనే ఆయన మొదలుపెట్టిన ఐరన్ పైథాన్ 2006లో మొదటి పూర్తి కూర్పుగా వెలువడింది. అందులో చతురస్రపు బ్రాకెట్లు: తీయి[సంఖ్య](పెట్టె). 2022 మార్చిలో గో భాషవారూ ఆ దారే పట్టారు. రస్టువారు కోణాలు వదలలేక, వాటి ముందు రెండు జతల చుక్కలు పెట్టారు. చూడ్డానికి చేపలా ఉంటుందని దానికి టర్బోఫిష్ అని పేరు. ఏమాటకామాటే, ఆ చేప నాకు నచ్చింది. కాని అంత ముస్తాబు మావాడి బుల్లి భాషకెందుకు?

నా ఓటు చతురస్రానికే. జాబితా[3] అంటే జాబితాలోంచి ఒకటి ఏరి ఇమ్మని. తీయి[సంఖ్య] అన్నా ఆ పేరుగల పనుల కట్టలోంచి సంఖ్యలకు తగినది ఏరి ఇమ్మనే. కొత్త సూత్రం చెయ్యనక్కరలేదు.

"మరి పనుల్నే జాబితాలో పెడితే?" అంటూ వాడు రాసి చూపించాడు: పనులు[2][సంఖ్య](పెట్టె). గూడ్సు బండిలా ఉంది. ఇద్దరం దాన్ని ఎటు విడదీసి చూసినా రెండో విరుపు దొరకలేదు. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అత్తయ్య ఇచ్చిన కాఫీ కూడా సగం వదిలేసి, బస్సుకు పరుగెత్తాడు.