మాటలు రాని సంతోషం



మన సంఘంలో ఒక పెద్దమ్మగారున్నారు. చదువు రాదు. అందరూ పాటల పుస్తకం తెరిస్తే, ఆవిడ కళ్లు మూసుకుని ఉత్త రాగం తీస్తారు. ఒక ఆదివారం నేను, "అమ్మా, మాటలు వస్తేనే పాడండి" అన్నాను. తర్వాతి వారం ఆవిడ నోరు విప్పలేదు.

గొప్ప ఆనందానికి ఇంగ్లీషులో జూబిలేషన్ అంటారు. దాని మూలం లాటిన్‌లో జూబిలారే, అంటే సంతోషంతో కేక వేయడం. అది పల్లెటూరివాళ్ల కేక అని క్రీస్తుకు ముందే రోమా పండితుడు వర్రో రాశాడు. లాటిన్ బైబిలులో మన 100వ కీర్తన మొదట్లో ఉన్నది ఆ మాటే, మనకది ఉత్సాహధ్వని. అగస్టీను భక్తుడు కోతల్లో, ద్రాక్షతోటల్లో పాడేవాళ్లను చూపించి, సంతోషం నిండితే మాటలు ఆగిపోయి ధ్వనే మిగులుతుందని, దేవుణ్ణి అలాగే స్తుతించమని బోధించాడు.

అది చదివాక సిగ్గేసింది. నాట్లప్పుడు గట్టు మీద నిలబడి ఆవిడ గొంతు ఎన్నిసార్లు విన్నానో! ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి క్షమించమన్నాను.

ఆదివారం ఆవిడ మళ్లీ రాగం తీశారు. నేనూ పుస్తకం మూశాను.