పొడిగించబడిన దినములు



మా గుండె ఇప్పుడు చప్పుడు చేస్తుంది. పగటిపూట అది ఎవరికీ వినబడదు. రాత్రి కల్వకుర్తిలో బస్సుల రాకపోకలు తగ్గి, వీధి సద్దుమణిగి, కరెంటు పోయి ఫ్యాను కూడా ఆగినప్పుడు మాత్రము టిక్కు, టిక్కుమని వినిపిస్తుంది. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన మొదటి రాత్రి మా చిన్నమ్మాయి దగ్గరకు వచ్చి చెవి పెట్టి విని, "నాయినా, నీ లోపల గడియారం పెట్టిండ్రా?" అని అడిగింది. నవ్వితే కుట్లు లాగుతాయని నవ్వు ఆపుకున్నాము.

ఆ గడియారముతో బ్రతకడము మేము ఎలాగు నేర్చుకున్నామో, నేర్చుకొనే క్రమములో ఎంత పెద్ద తప్పు చేశామో ఈ నెల మీకు వ్రాస్తున్నాము. ఆ తప్పు సంగతి మా సంఘము వారికి తెలుసు. మిగిలిన సంఘముల వారికి కూడా తెలియడము మంచిదని మా పెద్దలు అన్నారు.

మాకు పదకొండేండ్ల వయస్సులో గొంతు నొప్పి, జ్వరము వచ్చాయి. కొద్ది వారములకు మోకాళ్ళు వాచాయి. అవి తగ్గాయనుకుంటే చీలమండలు, ఆ తర్వాత మోచేతులు వాచాయి. వాతమని మా అమ్మ ఆముదము కాచి రుద్దింది. నెల తిరిగేసరికి నొప్పులు పోయాయి. మేము మళ్ళీ బడికి పోయాము, అందరమూ ఆ సంగతి మరచిపోయాము.

అది వట్టి వాతము కాదని ముప్పై ఏండ్ల తర్వాత తెలిసింది. స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి వలన పిల్లలకు గొంతు నొప్పి వస్తుంది. దానితో పోరాడటానికి శరీరము సిద్ధపరచుకొన్న బలమే కొందరు పిల్లలలో తిరగబడి సొంత కీళ్ళ మీద, గుండె మీద పడుతుంది. దీనిని రుమాటిక్ జ్వరము అంటారు. ఎక్కువగా 5 నుండి 15 ఏండ్ల పిల్లలకు వస్తుంది. కీళ్ళు బాగవుతాయి గాని గుండెలోని కవాటములు, అనగా వాల్వులు, మచ్చపడి ఏటేటా గట్టిపడతాయి. మా చిన్నాయన కూతురికి కూడా ఇదే జబ్బు. 1990లలో ఆపరేషనుకు కావలసిన డబ్బు మా ఇంటి చుట్టుప్రక్కల ఎవ్వరి దగ్గరా లేదు. ఉన్న ఎకరము అమ్మడానికి మా చిన్నాయన సిద్ధపడ్డాడు. బేరము కుదరక ముందే ఆ పిల్ల మమ్మును విడిచి వెళ్ళిపోయింది.

2022 వానాకాలములో మాకు ఆయాసము మొదలయింది. పాట ఎత్తుకుంటే రెండవ చరణానికి ఊపిరి అందేది కాదు. రాత్రి వెల్లకిల పండుకుంటే దగ్గు. రెండు దిండ్లు మూడయ్యాయి. చివరకు గోడకు ఆనుకొని కూర్చుండి నిద్రపోయాము. వయస్సు మీద పడుతోందని చెప్పుకున్నాము. మా ఇంటావిడ ఒప్పుకోలేదు. ఆమె పట్టుబట్టి హైదరాబాదుకు తీసుకొనిపోయింది. పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో ఎకో పరీక్ష చేసి, మిట్రల్ వాల్వు సన్నబడిందని చెప్పారు. పెద్దవారిలో ఆ ద్వారము 4 నుండి 6 చదరపు సెంటీమీటర్లు ఉంటుందట. మాకు ఒక్కటి కూడా లేదు. కొందరికి బెలూనుతో ఆ ద్వారమును వెడల్పు చేస్తారు. మా వాల్వు సున్నము పేరుకొని రాయిలాగు అయినందున మార్చక తప్పదన్నారు.

డబ్బు మాట వచ్చినప్పుడు మాకు చిన్నాయన ఎకరము జ్ఞాపకము వచ్చింది. అయితే ఆ దినములకును ఈ దినములకును భేదమున్నది. రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకమును 2007 ఏప్రిల్ 1న మొదట మూడు జిల్లాలలో ప్రారంభించారు. శ్రీకాకుళము, అనంతపురముతో పాటు ఆ మూడవ జిల్లా మన మహబూబ్‌నగరే. అప్పుడు కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే మరి యాభై వేలు. తెలంగాణలో 2023 డిసెంబరులో దానిని పది లక్షలకు పెంచారు. మాకు ఆపరేషను 2022 నవంబరులో ఆ కార్డు మీదనే జరిగింది. భూమి అమ్మలేదు, అప్పు చేయలేదు.

వాల్వులు రెండు రకములని డాక్టరుగారు ఓపికగా చెప్పారు. పశువుల కణజాలముతో చేసినదైతే జీవితాంతము రక్తము పలచబడే మందు అక్కరలేదు గాని, మా వయస్సువారిలో కొన్నేండ్లకు పాడై మరల ఆపరేషను కావచ్చు. లోహముతో చేసినదైతే అరగదు గాని, బ్రతికినన్ని దినములు మందు వేసుకోవాలి. మేము రెండవది కోరుకున్నాము. 1960లో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ అనే డాక్టరు, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు కలిసి తయారుచేసిన వాల్వును మిట్రల్ స్థానములో అమర్చి రోగిని బ్రతికించారు. మన దేశములో తిరువనంతపురము శ్రీ చిత్ర సంస్థ వారు సొంతముగా తయారుచేసిన చిత్ర వాల్వును 1990 డిసెంబరులో మొదటిసారి ఒక మనిషికి అమర్చారు. ఇవన్నీ ఆసుపత్రి మంచము మీద పండుకొని తెలిసికొన్న సంగతులు.

ఇంటికి వచ్చిన తరువాతనే అసలు పని మొదలయింది. ఛాతీ ఎముకను కోసి, మరల స్టీలు తీగెలతో కట్టారు. అది అతుక్కోవడానికి రెండు నెలల పైన పడుతుంది. అంతవరకు బిందె ఎత్తరాదు, బండి నడపరాదు, చేతులు ఊని లేవరాదు. మాకున్నది నులక మంచము. దానిలో పండుకుంటే ఇద్దరు పట్టి లేపాలి. ఒక పెద్దమనిషి తన ఇంటి చెక్క మంచము ట్రాక్టరు మీద వేసికొని వచ్చాడు. దగ్గు వచ్చినప్పుడు దిండును ఛాతీకి గట్టిగా అదుముకొని దగ్గేవారము. మూడు బంతులున్న ప్లాస్టిక్ పెట్టెను గంటగంటకు పీల్చేవారము. మొదటి వారము ఒక్క బంతే లేచింది. మూడవ బంతి లేచిన దినము మా పిల్లలు చప్పట్లు కొట్టారు.

మూడవ వారములో కారణము లేకుండా ఏడుపు వచ్చేది. సంఘకాపరి ఏడుస్తున్నాడని ఎవరైనా చూస్తారేమోనని గోడవైపు తిరిగి పండుకునేవారము. గుండె ఆపరేషను తర్వాత చాలామందికి ఇలాంటి దిగులు వస్తుందనియు, అది విశ్వాసము తగ్గడము కాదనియు డాక్టరుగారు చెప్పిన తర్వాత మనస్సు కుదుటపడింది. మొదట వాకిలి వరకు, తర్వాత వీధి చివర వరకు, సంక్రాంతి దాటేసరికి గుడి వరకు నడిచాము.

ఇక మా తప్పు సంగతి. లోహపు వాల్వు మీద రక్తము గడ్డకట్టకుండా ప్రతి రాత్రి ఎనిమిది గంటలకు ఎసిట్రోమ్ మాత్ర వేసుకోవాలి. మందు ఎంత పనిచేస్తున్నదో ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చెబుతుంది. ఈ మందు వేసుకోని మనిషికి అది 1 ఉంటుంది. మాకు 2.5కు 3.5కు మధ్య ఉండాలన్నారు. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావము. ఆరు నెలలు తప్పకుండా వేసుకున్నాము. 2023 మే నెలలో ప్రక్క గ్రామములో జరిగిన సువార్త కూటములకు వెళ్ళాము. భోజనాల దగ్గర మేము మాత్ర తీయడము చూసి ఒక ముసలమ్మ, "అయ్యగారూ, మా కోసం ప్రార్థన చేసే మీరే గోలీలు ఏసుకుంటిరా?" అన్నది. ఆమె ఎగతాళి చేయలేదు, అమాయకముగా అడిగింది. అదే రాత్రి వేదిక మీద ఒకరు, విశ్వాసమున్నవానికి మందుతో పనిలేదని గట్టిగా ప్రసంగించారు. అందరూ మా వైపు చూస్తున్నట్లు అనిపించింది.

ఆ రాత్రి మాత్ర వేసుకోలేదు. మరునాడు కూడా వేసుకోలేదు. నాలుగు రాత్రులు గడిచాయి. విశ్వాసమని పైకి చెప్పుకున్నాము గాని, నిజము చెప్పాలంటే అది సిగ్గు. అయిదవ ఉదయము కుటుంబ ప్రార్థనలో వాక్యము చదువుతుంటే నోరు తిరగలేదు. చేతిలోని గ్లాసు జారి పడింది. మా ఇంటావిడ మా ముఖము చూసి వెంటనే 108కి ఫోను చేసింది. ఆసుపత్రికి చేరేలోపు మాట తిరిగి వచ్చింది. పరీక్షలో ఐ.ఎన్.ఆర్. 1.2 ఉంది. చిన్న గడ్డ మెదడువైపు పోయి కరిగిందనియు, అది పెద్దదైయుంటే మేము మరల ప్రసంగించేవారము కామనియు చెప్పారు. "మాత్ర మానేశారా?" అని డాక్టరుగారు అడిగినప్పుడు మా ఇంటావిడ మా వైపు చూసింది. ఆమెకు కూడా మేము చెప్పలేదు. ఆ చూపు మాకు ఆపరేషను కంటె ఎక్కువ నొప్పి కలిగించింది.

ఆ పడకలో హిజ్కియా రాజు చరిత్రను మరల చదివాము. దేవుడు అతనికి పదిహేనేండ్ల ఆయుష్షు పొడిగిస్తానని చెప్పిన తర్వాత కూడా, యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద వేయించాడు. ఎన్నోసార్లు ప్రసంగించిన భాగమే, కాని ఆ ముద్దను మేమెప్పుడూ గమనించలేదు. వాగ్దానమును ఇచ్చినవాడే మందును కూడా వద్దనలేదు. హిజ్కియా ఆ ముద్దను తీసివేసి తన విశ్వాసము చూపించలేదు. అదే హిజ్కియా బాగుపడిన తర్వాత బబులోను దూతలకు తన ధనాగారము చూపించి అతిశయించాడు. ఆయుష్షు పొడిగించబడడము ఒక సంగతి, దానిని ఎలాగు గడపాలన్నది మరియొక సంగతి.

తరువాతి ఆదివారము బలిపీఠము దగ్గర నిలువబడి సంఘమునకు ఉన్నదున్నట్లు చెప్పాము. అప్పుడు అందరము కూర్చుండి మిగిలిన దినములకు ఒక ఏర్పాటు చేసుకున్నాము. మీలో ఎవరికైనా ఉపయోగపడునని దానిని వ్రాస్తున్నాము.

మొదటిది, మాత్ర మరుగున వేసుకోము. కూటములోనైనా, పెండ్లిలోనైనా ఎనిమిదికి అందరి ముందే వేసుకుంటాము. నెలకొకసారి రక్తపరీక్ష. ఆ అంకెలు వ్రాసే పుస్తకము మా ఇంటావిడ చేతిలో ఉంటుంది. మోతాదు మార్చేది డాక్టరే గాని మేము కాదు. వాల్వు సంగతి, మందు పేరు వ్రాసిన కాగితము ఎప్పుడూ జేబులో ఉంటుంది.

రెండవది, తిండి. పాలకూర, తోటకూర, పుంటికూర వంటి ఆకుకూరలు ఈ మందు బలమును తగ్గిస్తాయి. మానవలసిన పనిలేదు, ఒక వారము దండిగాను, ఒక వారము అసలే లేకుండాను తినరాదు. పూర్తి ఉపవాసము మాకు తగదు. శుక్రవారము సంఘము ఉపవాసముండి ప్రార్థిస్తుంది, మేము తిని ప్రార్థిస్తాము. మొదట్లో అది కష్టముగా ఉండెను. నొప్పులకు దుకాణములో గోలీలు కొనుక్కోము, అవి రక్తస్రావము తెస్తాయి. పన్ను తీయించుకోవలసి వస్తే ముందుగానే గుండె డాక్టరును అడిగి మందు వేసుకుంటాము.

మూడవది, పని. పూర్వము టీవీఎస్ బండి మీద పదకొండు గ్రామములు మేమొక్కరమే తిరిగేవారము. మోషేకు అతని మామ యిత్రో ఇచ్చిన సలహా మాకు ఆలస్యముగా తలకెక్కింది. ఇప్పుడు ఆరు గ్రామములను పెద్దలు చూస్తున్నారు. స్త్రీల సమాజము వారు రోగుల దర్శనము తీసుకున్నారు. మేము లేకపోతే జరుగదనుకున్న పనులు మా కంటె చక్కగా జరుగుతున్నాయి.

నాలుగవది, ఇల్లు. బ్యాంకు పుస్తకము, ఇంటి కాగితములు, సంఘపు లెక్కలు ఎక్కడున్నవో మా ఇంటావిడకు, పెద్ద కుమారునికి చూపించాము. చావును గురించి మాట్లాడితే అపశకునమని మనవారు భయపడతారు. మేము మాట్లాడిన తర్వాత ఇంట్లో భయము తగ్గింది.

మందును గురించి ఒక మాట. "అయ్యగారూ, మీరు మింగేది ఎలుకల మందేనట" అని ఒక యువకుడు భయపెట్టాడు. అతని మాటలో కొంత నిజముంది. 1920లలో ఉత్తర అమెరికాలో చెడిపోయిన ఒక రకపు ఎండుగడ్డి తిన్న పశువులు రక్తము కారి చనిపోయాయి. విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ అనే శాస్త్రజ్ఞుడు, అతని తోటివారు ఆ గడ్డిలోని పదార్థమును కనుగొన్నారు. దాని నుండి పుట్టిన వార్ఫరిన్‌ను ముందు ఎలుకలకు వాడారు. 1954 నుండి తగిన మోతాదులో మనుష్యులకు వాడుతున్నారు. మా మాత్ర ఆ జాతిదే. పశువులను చంపిన గడ్డి నుండి మనుష్యులను బ్రతికించే మందు వచ్చింది. అందుకే కొలత ముఖ్యము.

ఇప్పుడు తల్లిదండ్రులకు మా మనవి. పిల్లలకు గొంతు నొప్పి, జ్వరము వస్తే తేలికగా తీసుకోకండి. తర్వాత కీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వాస్తే ఆముదముతో ఆపకండి, డాక్టరుకు చూపించండి. రుమాటిక్ జ్వరమని తేలితే మూడు వారములకొకసారి పెన్సిలిన్ సూదిమందు ఏండ్ల తరబడి వేయిస్తారు. పిల్ల ఏడ్చినా మానిపించవద్దు. మొన్న మా సంఘములోని ఒక సహోదరి తన తొమ్మిదేండ్ల కుమారుని తీసుకొని వచ్చింది. "మీరు చెప్పిన తీరుగనే ఉన్నది అయ్యగారూ, నిన్న మోకాలు, ఇయ్యాల మడిమె" అన్నది. ప్రార్థన చేసి, అదే గంటలో ఆటోలో ఆసుపత్రికి పంపించాము. ఆ బాలుడు ఇప్పుడు సూదిమందు తీసుకుంటున్నాడు.

మీ సంఘములో కూడా గుండె ఆపరేషను అయినవారు ఉండవచ్చు. ఆపరేషనుకు ముందు వారి కోసము ఉపవాసముండి ప్రార్థించియుంటారు. తర్వాత మరచిపోకండి. ఆదివారము చేయి కలిపినప్పుడు, ఈ నెల రక్తపరీక్ష అయిందా అని అడగండి. మమ్మును ఇప్పుడు అడిగేవారు చాలామంది ఉన్నారు. మొన్న రాత్రి కూటములో మేము ప్రసంగములో పడి సమయము మరచిపోయాము. వెనుక వరుస నుండి ఒక ముసలమ్మ లేచింది. ప్రక్క గ్రామము నుండి వచ్చిన ఆ అమ్మను చూడగానే గుర్తుపట్టాము.

"అయ్యగారూ, ఎనిమిదయ్యింది. గోలీ ఏసుకోండ్రి, మేం కూసుంటం" అన్నది.

ప్రసంగము ఆపి వేసుకున్నాము.