ఓడ నెక్కని జంతువు

కడచిన సంవత్సరము శీతకాలపు సెలవులకు ముందు మన పాఠశాల ఆరవ, ఏడవ తరగతుల పిల్లలను వెంటబెట్టుకొని నేను హైదరాబాదునకు వెళ్లితిని. సుబేదారిలో బయలుదేరినది మొదలు బస్సులో పాటలకును కేకలకును కొదువ లేకుండెను. బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో ఆ మహాకాయము యొక్క అస్థిపంజరము నెదుట నిలిచినప్పుడు మాత్రము అందరును ఒక్కసారిగా మౌనము వహించిరి. అది కోటసారస్ అనబడు డైనోసారు. అది సీమ జంతువు కాదు. దాని యెముకలు పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లిలో దొరికినవి. భూగర్భ శాస్త్రజ్ఞులైన యాదగిరిగారు 1988వ సంవత్సరమున దానికి నామకరణము చేయుచు ఆ పల్లె పేరును కూడ చేర్చిరి.

అప్పుడు ఆరవ తరగతి బాలిక యొకతె నా చేయి పట్టుకొని, “మాస్టరుగారూ, నోవహు దీనిని ఓడలోనికి ఎక్కించుకొనలేదా? దేవుడు దీనిని మరచిపోయెనా?” అని యడిగెను. “ఊరికి పోయిన పిమ్మట చెప్పెదనమ్మా” అని తప్పించుకొంటిని. ఈ వ్యాసము ఆ బాలికకు నేను బాకీపడిన జవాబు.

నేను వెంటనే జవాబు చెప్పకపోవుటకు ఒక కారణము కలదు. పదునైదేండ్ల క్రిందట ఒక బాలుడు తరగతిలో ఈ ప్రశ్ననే వేసెను. “ఓడలో చోటు చాలలేదు, అవన్నియు జలప్రళయములో మునిగి చచ్చినవి” అని నేను నవ్వుచు చెప్పితిని. తరగతి యంతయు నవ్వెను. ఆ బాలుడు పెద్దవాడై, కళాశాలలో శాస్త్రము చదివి, ఒకనాడు మా యింటికి వచ్చెను. “మాస్టరుగారూ, ఆనాడు మీరు తెలియదని చెప్పియుండిన బాగుండెడిది. మీరు చెప్పినది నిజము కాదని తెలిసిన తరువాత, మీ యొద్ద నేర్చుకొన్న తక్కిన సంగతులును అట్టివేనేమో అని నాకు సందేహము పుట్టినది” అనెను. కోపముతో అనలేదు, దుఃఖముతో అనెను. అతడు గుడికి వచ్చుట మానివేసెనని తరువాత వింటిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉపాధ్యాయుడు తెలియని దానిని తెలిసినట్లు చెప్పిన, ఆ నష్టమును అనుభవించువాడు శిష్యుడు.

అప్పటినుండి మన నేలలోని రాళ్లను గూర్చి చదువ మొదలిడితిని. ఈ ప్రాంతపు శిలలలోని జీవుల యవశేషములను గూర్చి తొలుత శ్రమించినవారిలో స్టీఫెన్ హిస్లాప్ అను నాగపురపు మిషనరీ యొకరని తెలిసినప్పుడు ఆశ్చర్యపడితిని. ఆయన 1845లో స్కాట్లాండునుండి నాగపురమునకు వచ్చి, వాక్యము ప్రకటించుచు, పాఠశాల నడపుచు, తీరిక వేళ సుత్తి చేతబట్టి రాళ్లను పరీక్షించెడివారు. ఆదిలాబాదు ప్రాంతమందలి మాలేరిలో దొరికిన ఒక పురాతన మత్స్యపు దంతములకు 1859లో ఆయన పేరే పెట్టబడినది. 1863లో టాకల్‌ఘాట్ యొద్ద పొంగిన వాగును దాటుచు ఆయన మునిగి మరణించిరి. రాళ్లను చదువుట ఆయన విశ్వాసమునకు భంగము కలిగింపలేదు.

ఇక మన కథకు వత్తము. ప్రాణహితకు ఆవలి యొడ్డున, మహారాష్ట్రములోని సిరొంచ ప్రాంతమున, పోచంపల్లి యను గ్రామము కలదు. ఇది చీరలకు పేరుగాంచిన మన పోచంపల్లి కాదు. అచ్చట 1958 మొదలు కలకత్తా వారి భారత గణాంక సంస్థ శాస్త్రజ్ఞులు త్రవ్వి, దాదాపు 300 ఎముకలను తీసిరి. ఆ జంతువునకు బరపసారస్ టాగోరై అని పేరు. వంగభాషలో ‘బర పా’ యనగా పెద్ద కాలు. త్రవ్వకముల కాలమున వచ్చిన రవీంద్రుని శతజయంతికి గుర్తుగా ఆయన పేరును చేర్చిరి. ఆ యెముకలు కనీసము ఆరు జంతువులవి. వాటితోకూడ రాళ్లుగా మారిన పెద్ద పెద్ద చెట్ల మ్రానులును దొరికినవి. ఆ మంద యొక మహావరదలో చిక్కి చచ్చియుండవచ్చునని పండితులు ఊహించిరి.

ఇది చదివినప్పుడు నా మనస్సు ఉప్పొంగెను. “వరదయే గదా! నేను చెప్పినది నిజమే గదా!” అనుకొంటిని. ఆ బాలునికి ఉత్తరము వ్రాయుటకు కాగితము కూడ తీసితిని. కాని కలము కదలలేదు.

ఏలయన, 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచిన సంగతి మన ప్రాంతము వారెవ్వరును మరువలేదు. మనుష్యులును పశువులును కొట్టుకొనిపోయిన ఆ దినమున లోకమంతయు మునిగెనా? వేల యేండ్ల తరువాత ఎవరైనను ఆ మేటను త్రవ్వి, దొరికిన యెముకలనుబట్టి అట్లు చెప్పిన, మన మొప్పుకొందుమా? పోచంపల్లి యెముకలు ఒక యేటి వరదకు సాక్ష్యమిచ్చును. సర్వలోక ప్రళయమునకు కాదు.

మరియు అదే కోట శిలలలో, నిలుకడ నీటి అడుగున పొరపై పొరగా పేరిన సున్నపురాయి యున్నది. అందులో చేపల యచ్చులున్నవి. ఆ పొరలు పేరుటకు ప్రవాహము గాదు, నెమ్మదియే కావలయును. దక్కను పీఠభూమిపై లావా రాతి పొరల నడుమ మంచినీటి నత్తల గుల్లలున్నవి. హిస్లాప్‌గారు వాటినే శ్రద్ధతో వర్ణించిరి. అగ్నిప్రవాహము వచ్చి చల్లారెను. దానిమీద చెరువు నిలిచెను. ఆ చెరువులో నత్తలు పుట్టి పెరిగెను. మరల అగ్నిప్రవాహము వచ్చెను. ఇది ఒక్క యేటిలో జరుగు పని కాదు. కోటసారస్ బ్రదికినది సుమారు 18 కోట్ల యేండ్ల క్రిందట. కడపటి డైనోసారులు నశించినది 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట. ఆకాశమునుండి మెక్సికో ప్రాంతమున పడిన గొప్ప శిల అందుకు ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులలో పెక్కుమంది చెప్పుదురు. అప్పటికి మనుష్యుడే పుట్టలేదు.

ఇట్లు తలంపు మార్చుకొనిన మొదటివాడను నేను కాను. ఆక్స్‌ఫర్డునందు బోధించిన విలియం బక్లండు అను గురువు గుహలలోని యెముకలు జలప్రళయమునకు సాక్ష్యమని 1823లో గ్రంథము వ్రాసెను. 1836లో ఆ వాదమును తానే విడిచెను. ఆడం సెడ్జివిక్ అను మరియొక గురువు 1831లోనే తన తప్పును పండితసభ యెదుట ఒప్పుకొనెను. వారు విశ్వాసమును విడువలేదు; పొరపాటును విడిచిరి.

ఇప్పుడు పరిశుద్ధ గ్రంథమును మరల తెరచి చూడుడు. నా పాత జవాబు శాస్త్రమునకే గాక లేఖనమునకును విరుద్ధము. ఆదికాండము ప్రకారము ప్రతి జాతి జంతువును బ్రదికింపవలెనని ఆజ్ఞ. చోటు చాలక ఏ జాతియు వెలుపల విడువబడలేదు. ఓడ కథ జాతులు నశించిన కథ కాదు; అవి కాపాడబడిన కథ. తొమ్మిదవ అధ్యాయమున దేవుడు నిబంధన చేసినది మనుష్యులతో మాత్రమే కాదు, సమస్త జీవరాశితోను. ఆ వృత్తాంతము మనుష్యుని దుష్టత్వమును, దేవుని తీర్పును, ఆయన కృపను మనకు నేర్పుటకు వ్రాయబడినది. రాళ్లలోని యెముకల లెక్క చెప్పుటకు కాదని నా నమ్మకము. తలిదండ్రులలో కొందరు దీని నంగీకరింపకపోవచ్చును. వారితో వాదింప నెంచను; పిల్లల ప్రశ్నను నవ్వుతో త్రోసివేయవద్దని మాత్రము వేడుకొనుచున్నాను.

అమ్మాయీ, ఇది నీకు నా జవాబు. ఆ జంతువు ఓడ నెక్కలేదు. ఓడకు బహుకాలము ముందే దాని దినములు ముగిసినవి. దేవుడు దానిని మరచెనా యంటివి. 104వ కీర్తనను చదువుము. ఆయన ఊపిరి తీసికొనగా ప్రాణులు మంటికి చేరునని, ఆయన ఆత్మను పంపగా భూతలము నూతనమగునని అందున్నది. పిచ్చుక యొకటి నేలబడుటను ఎరిగిన తండ్రి, యామనపల్లి మట్టిలో ఒరిగిన ఆ పెద్ద ప్రాణిని ఎరుగకుండునా? అది ఎట్లు చచ్చెనో నీవు పెద్దదానవై రాళ్లలో వెదకుము. ఎవరి చేతిలో చచ్చెనను దానికి మాత్రము నీవు భయపడనక్కరలేదు.

ఆనాడు వ్రాయక మానిన ఉత్తరమును ఈ నడుమ ఆ శిష్యునికి వ్రాసితిని. “నేను తప్పు చెప్పితిని, క్షమింపుము” అని మొదలిడితిని. జవాబు ఇంకను రాలేదు. ఈ సంచిక అచ్చయిన పిమ్మట ఒక ప్రతిని అతనికి పంపెదను.