లైప్‌జిగ్‌లో ఒక సోమవారం

సోమవారం పొద్దున పదకొండయింది. మామూలుగా అయితే ఈపాటికి ఏదో ఒక కాల్‌లో ఉండాలి. కానీ నేను పనిచేసే స్టార్టప్ మా టీమ్ మొత్తాన్ని తీసేసి మూడు వారాలైంది. అందుకే జర్మనీలోని లైప్‌జిగ్‌లో, సెయింట్ నికోలస్ చర్చి పక్కన తీరిగ్గా నిలబడి ఉన్నాను.

తోడొచ్చింది మా పై ఫ్లోర్‌లో ఉండే పెద్దావిడ. 68 ఏళ్లుంటాయి. ఈ చర్చి లోపల స్తంభాలు పైకెళ్లి ఈతాకుల్లా విచ్చుకుంటాయి. అలాంటి స్తంభమే ఒకటి బయట కూడా పెట్టారు, 1989 గుర్తుగా. అప్పట్లో సోమవారం ప్రార్థనలయ్యాక జనం ఇక్కడి నుంచే ఊరేగింపుగా కదిలేవాళ్లు. అక్టోబర్ 9న సుమారు 70 వేల మంది వచ్చారు. సరిగ్గా నెలకి బెర్లిన్ గోడ తెరుచుకుంది.

"నేనూ ఉన్నాను. 2004లో మళ్లీ వచ్చాను, మళ్లీ సోమవారాలే" అన్నారావిడ.

2004 గొడవ 'హార్ట్స్ ఫోర్' గురించి. 2003 మార్చి 14న ఛాన్సలర్ గెర్‌హార్డ్ ష్రోడర్ 'అజెండా 2010' ప్రకటించారు. ఆయనది కార్మికుల పార్టీగా పేరున్న సోషల్ డెమోక్రాట్ పార్టీ. సాయం చేస్తాం, కానీ మీరూ కదలాలి అన్నదే ఆయన లైన్. అంతకుముందు చాలాకాలం ఉద్యోగం దొరకనివాళ్లకి పాత జీతాన్ని బట్టి భృతి వచ్చేది. 2005 జనవరి 1 నుంచి దాన్ని తీసేసి, నిరుపేదలకిచ్చే సాయంలో కలిపేశారు. అద్దె కాకుండా ఒంటరి మనిషికి పశ్చిమాన నెలకి 345 యూరోలు, తూర్పున 331. పరిమితికి మించి దాచుకున్నది ఉంటే ముందు అది ఖర్చుపెట్టుకోవాలి.

జనం ఎలా ఒప్పుకున్నారు? అప్పటికే గాలి అటే వీస్తోంది. 2003లోనే ఫ్లోరిడా బీచ్ దగ్గర ఉంటూ జర్మనీ సాయం తీసుకుంటున్న ఒకాయన కథ పత్రికకెక్కింది. విదేశాల్లో ఉండి అలా తీసుకునేవాళ్లు చాలా కొద్దిమందే. అయినా దేశమంతా మండిపడింది, కొన్ని నెలల్లో చట్టమే మారిపోయింది. ఒక్క మనిషి బొమ్మ, లక్షల మందికి ముద్ర! 2009లో అయితే ఊరికే పడి ఉండటాన్ని వెక్కిరించే 'హార్ట్సెన్' యూత్ వర్డ్ ఆఫ్ ది ఇయర్ అయింది.

"పాతికేళ్లు ఫ్యాక్టరీలో చేశాను. ఒక్క ఉత్తరంతో సోమరిని అయిపోయాను" అన్నారావిడ.

నేను గబుక్కున, "నాది అది కాదండీ. జీతంలోంచి కట్టిన ఇన్సూరెన్స్. నికర జీతంలో 60 శాతం వస్తుంది, ఏడాది దాకానే" అన్నాను.

ఆవిడ నవ్వారు. "నేనూ కట్టానుగా!"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంత కంగారుగా చెప్పుకున్నాను? నా బీటెక్ గుర్తొచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే చదివాను. ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం నాన్న మీసేవ చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో. మా ఇంట్లో దాన్ని 'స్కాలర్‌షిప్' అనేవాళ్లం. పక్కింటివాళ్ల పెన్షన్‌ని మాత్రం 'ఉచితం' అనేవాళ్లం. ప్రభుత్వం సొమ్మే రెండూ. మనకొస్తే హక్కు, పక్కవాడికొస్తే దండగ.

పేరులో ఏముందని జర్మన్లు అనుకోలేదు. సాయంలో 30 శాతం మించి కోత పెట్టడం చెల్లదని 2019లో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. 2023 జనవరిలో హార్ట్స్ ఫోర్ పోయి 'బుర్గర్‌గెల్డ్' వచ్చింది, అంటే పౌరుల భృతి. మొదట 502 యూరోలు, 2024లో 563. పెంచగానే పాత పాటే మళ్లీ మొదలైంది: పనిచేసేవాడు పిచ్చోడా అని. 2025లో వచ్చిన ప్రభుత్వం ఆ పేరునీ, రూల్స్‌నీ మార్చే పనిలో పడింది. బోర్డు మార్చినంత తేలిగ్గా మనసులోని బొమ్మ మారదు మరి.

ట్రామ్‌లో ఇంటికొస్తూ ఫోన్ తీశాను. మా ఫ్యామిలీ గ్రూప్‌లో బాబాయ్ ఫార్వర్డ్: 'ఉచితాలతో దేశం నాశనం'. ఇదివరకైతే బొటనవేలు ఎమోజీ పెట్టేవాణ్ని.

ఈసారి టైప్ చేశాను: "నా చదువు కూడా అందులోదే బాబాయ్. ఇప్పుడు జర్మనీ భృతి మీద ఉన్నాను."

ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పడం అదే మొదటిసారి. నీలం టిక్కులు పడ్డాయి. రెండు నిమిషాల్లో నాన్న ఫోన్.