గుప్పెడాకు

మా పెరట్లో బిళ్ళగన్నేరు ఎవరూ పనిగట్టుకుని నాటింది కాదు. గింజ రాలినచోటల్లా, చివరికి గచ్చు పగుల్లో కూడా మొలుస్తుంది. పువ్వులు దేవుడికి వెళ్తాయి, మొక్క ఎవరికీ పట్టదు. అలాంటి మొక్కకి మా దొడ్డమ్మ వచ్చాక ఎక్కడలేని గిరాకీ వచ్చింది.

ఆవిడకి షుగరు. పరగడుపున బిళ్ళగన్నేరు ఆకు నమిలితే మాత్రలతో పనిలేదని ఏదో పెళ్ళిలో ఎవరో చెప్పారట. తెల్లారేసరికి గుప్పెడాకు కోసి, కడిగి, నమిలెయ్యడం. డాక్టరిచ్చిన మాత్రలు డబ్బాలో భద్రంగా ఉన్నాయి!

"ఇదంతా మూఢనమ్మకం దొడ్డమ్మా!" అన్నాను ఓ పొద్దున్న, కాస్త గట్టిగానే.

"అవునే తల్లీ. చదువుకున్నవాళ్ళకి మొక్కలంటే లోకువే" అంది. ఆ తర్వాత రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది.

ఆ మాట గుచ్చుకుంది. మొక్కల్ని లోకువ చెయ్యని ఒక గొప్ప చదువరి నాకు గుర్తొచ్చింది. ఆవిడ అసీమా చటర్జీ. 1917లో కలకత్తాలో పుట్టారు. తండ్రి డాక్టరు, మొక్కలంటే ప్రాణం. 1944లో డి.యస్సీ. అందుకున్నారు. మన దేశపు విశ్వవిద్యాలయం నుంచి ఆ పట్టా పొందిన తొలి మహిళ ఆవిడే. 1947లో చంటిపిల్లని, ఆ పిల్లని చూసుకునే మనిషిని వెంటబెట్టుకుని పరిశోధనకి అమెరికా వెళ్ళారు. పసిపిల్లతో పుట్టింటికి వెళ్ళడానికే నాలుగు సంచులు సర్దుకునే మనకి, అదెంత పనో వేరే చెప్పాలా!

బెంగాలు చెరువుల్లో నాలుగేసి ఆకులతో ఒక నీటిమొక్క పెరుగుతుంది. సుషుని శాకమని కూర వండుకుంటారు. తింటే నిద్ర బాగా పడుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. అసీమగారు ఆ నమ్మకాన్ని నవ్వి తోసెయ్యలేదు. అలాగని కళ్ళకద్దుకుని ఊరుకోనూ లేదు. ఆకుని ప్రయోగశాలకి పట్టుకెళ్ళారు. ఆ మొక్కనీ, మనం తలనూనెలో వేసుకునే జటామాంసినీ కలిపి మూర్ఛరోగానికి ఆయుష్-56 అనే మందు తయారుచేశారు. సర్పగంధ మీదా, మా పెరటి బిళ్ళగన్నేరు మీదా కూడా ఏళ్ళ తరబడి పనిచేశారు. ఔషధమొక్కల మీద ఆరు సంపుటాల గ్రంథం వెలువరించారు. 2006లో కన్నుమూశారు.

మూడోనాటి రాత్రి దొడ్డమ్మ పక్కన చేరి ఇదంతా చెప్పాను. "బిళ్ళగన్నేరు మీద కూడానా?" అంటూ లేచి కూర్చుంది.

అప్పుడు ఆ మొక్క కథ ఎత్తుకున్నాను. జమైకాలో కూడా షుగరుకని దాని ఆకుల కషాయం తాగేవారు. 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ ఆకుల సారాన్ని ఎలకల మీద పరీక్షించారు.

"ఎలకలకి షుగరు తగ్గిందా?"

"లేదు. రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. అంటురోగాలు పట్టుకుని చచ్చిపోయాయి."

దొడ్డమ్మ నోరు మెదపలేదు.

"వాళ్ళు అక్కడితో వదిలెయ్యలేదు. తెల్లకణాల్ని తగ్గించేదైతే, అవి విపరీతంగా పెరిగే జబ్బుకి పనికొస్తుంది కదా అనుకున్నారు. ఆ ఆకులోంచే క్యాన్సర్ మందులు వచ్చాయి. పసిపిల్లలకి వచ్చే రక్తక్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ అలా వచ్చిందే. గ్రాము మందు తియ్యాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి."

"అయితే చంపేదీ బతికించేదీ ఒకటే ఆకన్నమాట" అంది నెమ్మదిగా.

"ఎంత, ఎవరికి, ఏ జబ్బుకి అన్నదాంట్లోనే ఉంది. నీ గుప్పిట్లో ఎంత ఉందో ఎవరు చెప్తారు?"

మర్నాడు దొడ్డమ్మ పెరట్లోకి వెళ్ళి పువ్వులు మాత్రమే కోసుకొచ్చింది. ఫలహారం వేళకి మాత్రల డబ్బా తీసింది.

"మొన్న మూఢనమ్మకం అన్నప్పుడే ఇదంతా చెప్పి ఉండకూడదుటే?" అంది మాత్ర నోట్లో వేసుకుంటూ.

నిజమే. ఆవిడకి తెలియనిది మొక్క సంగతి. నాకు తెలియనిది, పెద్దవాళ్ళకి చెప్పే పద్ధతి.